వెర్మెంటినోకి పులుసు నప్పదట

జల్లాఖ్, బహ్రెయిన్,
నవంబరు.

చెల్లి సత్యకుమారికి అన్నయ్య లోవరాజు ఆశీర్వదించి రాసేది.

ఈ ఉత్తరం రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. కాగితం తీశాను, మళ్ళీ పెట్టెలో పెట్టేశాను. నీకు చెప్పుకుంటే నవ్వుతావు తప్ప నా బాధ నీకెక్కదు. పోనీ ఫోన్ చేద్దామా అంటే, నేను అసలు సంగతికి వచ్చేలోపే 'మామా పిలుస్తోంది' అని పెట్టేస్తావు. మీ యజమానురాలు నిన్ను గంటకి అన్నిసార్లు పిలుస్తుందంటే నేను నమ్మను. ఉత్తరాన్నైతే మధ్యలో పెట్టేయలేవు కదా. మా కూరగాయల వ్యాను తోలే ముత్తన్న రోజూ పొద్దున్నే మనామా మార్కెట్టుకి మీ వీధి మీదుగానే వస్తాడు. అతని చేతికే ఇస్తున్నాను. తెరిచి చదవడనే నమ్మకం లేదు. చదివితే చదివాడు, నాలుగు ముక్కలు నేర్చుకుంటాడు.

సంగతేమిటంటే, నా పులుసుకి అవమానం జరిగింది.

ఈ రిసార్టులో నాది స్టాఫ్ మెస్సులో వంటని నీకు తెలుసు. పైన సముద్రం వైపు అద్దాల రెస్టారెంటు ఉంది. అక్కడికి నేను వెళ్ళను, వెళ్ళాల్సిన పనీ లేదు. అక్కడి వంటలకి పెద్ద, ఎంజో అని ఇటలీ మనిషి. చెడ్డవాడు కాదు. అరుస్తాడు గానీ తిట్టడు. ఆ తేడా తెలియాలంటే నాలాగా ఎనిమిది మంది చెఫుల కింద పనిచేసి ఉండాలి. ఈయన జనవరిలో ఒక విందు పెడుతున్నాడు. ఆ విందుకి పెళ్ళికొడుకెవరో తెలుసా? ఒక సీసా! తెల్ల వైను. పేరు వెర్మెంటినో. సార్దీనియా అనే లంకలో, సముద్రపు గాలి తగిలే వాలుల్లో పండిన ద్రాక్షతో తీస్తారట. సీసా వెనక చీటీ మొత్తం చదివాను. చదువుకోనివాడు చదివాడని నవ్వకు. నేను ఇంగ్లీషు నేర్చుకున్నదే డబ్బాల మీద. టమాటా గుజ్జు డబ్బా నాకు ఒకటో తరగతి, పాలపొడి డబ్బా నాకు పదో తరగతి. కాలేజీ చదువు ఈ సీసాల మీద అవుతోంది.

అయితే ఆ పెళ్ళికొడుకు పక్కన కూర్చోబెట్టడానికి తగిన వంటకం కావాలట. వంటింట్లో పనిచేసే అన్ని దేశాల వాళ్ళనీ పిలిచి, మీ మీ సముద్రం ఒడ్డున తినేది ఒకటి చేసి చూపించండి అన్నాడు. నాకు ముందే ఒళ్ళు మండింది. అన్నం కోసం కూర వండుతాం. కూర కోసం చేప తెస్తాం. తాగేదాని కోసం తినేదాన్ని వెతకడం ఏమిటే? మన వంటకాన్ని చాప మీద కూర్చోబెట్టి, 'పాట వచ్చా? నడిచి చూపిస్తావా?' అని పెళ్ళిచూపుల్లో అడిగినట్టు లేదూ?

సరే, చేశాను. ఇక్కడి హామూర్ చేపతో, చింతపండు చిక్కగా పిండి, బెండకాయ ముక్కలు వేసి, మన తుని కారంతో పులుసు పెట్టాను. ఎంజో ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆహా అన్నాడు. ఆ తర్వాత ఆ సీసాలోది ఒక గుక్క తాగాడు. తాగి, మాత్ర గొంతులో అడ్డం పడ్డవాడిలా మొహం పెట్టాడు. 'రాజు, పులుసు బ్రహ్మాండం, కానీ దీనికి నప్పదు' అన్నాడు. కారం వల్ల వైను నోట్లో మంటెత్తుతుందట. చింతపండు దాని సున్నితమైన వాసనని తరిమేస్తుందట. చివర్లో దానికి బాదంపప్పు తొక్కలాంటి చిన్న చేదు ఒకటి ఉంటుందట, మన పులుసు తర్వాత ఆ చేదొక్కటే మిగులుతుందట.

మన పులుసుకి వైను నప్పలేదని అనొచ్చు కదా! అనడు. పులుసే నప్పలేదు!

నేనూ ఊరుకోలేదు. 'సార్, ఇది ఇవాళ పెట్టిన పులుసు. ముక్కకి పులుపు పట్టాలంటే రాత్రంతా ఉండాలి. దీన్ని రేపు తినాలి. రేపు రుచి చూసి అప్పుడు చెప్పండి' అన్నాను. ఆయన గోడ మీది రూలు చూపించాడు. వండిన ప్రతిదానికీ తేదీ చీటీ అంటించాలి, డ్యూటీ అయ్యేసరికి మిగిలింది పారేయాలి. నా కళ్ళముందే గిన్నెడు పులుసు నల్ల సంచీలోకి పోయింది. పుట్టిన రోజునే పరీక్ష పెట్టి ఫెయిలయిందన్నట్టుంది నా పులుసు పని.

ఆయన చెప్పింది నిజమో అబద్ధమో నేను తాగి చూడలేను. నీ మొగుడు అబ్బులు తాగి తాగి చనిపోయిన ఏడాది, తలుపులమ్మ కొండ మెట్ల మీద కూర్చుని చుక్క ముట్టనని ఒట్టేసుకున్నాను. నీకు రాసే ఉత్తరంలో ఆ పేరు ఎత్తకూడదనుకున్నాను. చెయ్యి రాసేసింది.

ఏం చెయ్యమంటావు?

·

మనామా,
నవంబరు.

అన్నయ్యకి సత్యకుమారి నమస్కారాలు.

నవ్వాను. నువ్వు చెప్పినట్టే. మామా వచ్చి 'ఏంటి సత్యా, ఏం రాశాడు మీ బ్రదర్' అని అడిగింది. చేపల కూరకి పెళ్ళి తప్పిపోయిందట అని చెప్పాను. ఆవిడ కూడా నవ్వింది.

నువ్వు వంటవాడివి, నీకు నేను చెప్పేదేముంది. చింతపండు మానేసి కొబ్బరిపాలు పోసి చూడు, కారం బదులు మిరియం వెయ్యి. అప్పుడు అది మన పులుసు అవదు అంటావు. అవదు. ఆయన అడిగింది నీ పులుసు కాదు కదా, ఆయన సీసాకి తోడు. నీ పులుసు ఎవరికీ నప్పకపోతే నువ్వే తిను, పోయేదేం లేదు.

అబ్బులు పేరు ఎత్తినందుకు ఏమీ అనుకోలేదు. పేరుదేముంది.

ఇంకో మాట. మా ఇంట్లో స్నానాల గదికి టైల్స్ వేసిన పరశురాం అని ఒకాయన ఉన్నాడు. జగిత్యాల వైపు మనిషి. మామీర్‌లో కూలీల క్యాంపులో ఉంటాడు. మీ రిసార్టులో ఈతకొలను టైల్స్ మార్చే పనికి వచ్చేవారం నుంచి వాళ్ళ కంపెనీ వాళ్ళని పంపుతున్నారట. ఇంటి ముద్ద తిని చాలా కాలమైంది అన్నాడు. ఒక పూట పిలిచి భోజనం పెట్టు. ఆ నిన్నటి పులుసే పెట్టు, నీకూ తీరుతుంది. అంతే.

·

జల్లాఖ్,
డిసెంబరు.

చెల్లి సత్యకుమారికి అన్నయ్య దీవెనలు.

నువ్వు పంపిన మనిషి వచ్చాడు. తీరిగ్గా చెప్తాను, నువ్వు కూడా తీరిగ్గా చదువు.

ముందు నా నేరం చెప్పాలి. రూలు కాదని నా రూములో ఉన్న చిన్న ఫ్రిజ్‌లో పులుసు దాచాను. తేదీ చీటీ అంటించాను, కాకపోతే ఏ తేదీదో రాయలేదు. మర్నాడు మధ్యాహ్నం పరశురాం ఆ కొలను పని దుమ్ముతో వచ్చి, మెస్సు గుమ్మం బయటే చెప్పులు విప్పి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని కూర్చున్నాడు. ఆ చేతులు కడిగిన తీరు చూసే సగం మెచ్చుకున్నాను. ఇక్కడ డిగ్రీలు చదివిన సూపర్‌వైజర్లు వేళ్ళ చివర్లు తడుపుకుని వచ్చేస్తారు.

పులుసు వడ్డిస్తూ, 'నిన్నటిది బాబూ, ఏమీ అనుకోకు' అన్నాను.

'నిన్నటిదే మంచిగుంటది గదన్నా! మా అవ్వ శాపల పులుసు పెట్టిన్నాడు మమ్ముల ముట్టనియ్యదు. తెల్లారినంకనే తినుమంటది' అన్నాడు.

నాకు కుర్చీలోంచి లేచి అతని భుజం తట్టాలనిపించింది. తట్టాను కూడా. తుని నుంచి జగిత్యాల దాకా ఎన్ని జిల్లాలున్నాయో, ఈ ఒక్క విషయంలో అందరం ఒకటేనన్నమాట. ఇంతలో ఎంజో కిందకి దిగాడు. ఫ్రిజ్ సంగతి తెలిసిపోయిందేమో అని గబగబా గిన్నె మీద మూత పెట్టేశాను. తెలిసిపోయింది గానీ ఆయన అరవలేదు. పైగా కుతూహలంగా ఉన్నట్టున్నాడు. సీసా తెచ్చి బల్ల మీద పెట్టి, 'రాజు, నువ్వు తాగవు, మరి మీ మనిషి తాగుతాడా?' అని అడిగాడు.

పరశురాంని అడిగాను. ఏ మొహమాటం లేదు. 'నేను కల్లు తాగెటోన్నన్నా. చిన్నప్పటి సంది. మా దిక్కు పండుగొస్తే అవ్వ సుత తాగుతది' అన్నాడు.

'మీ అమ్మగారా!'

'గామెనే అందరికి పోస్తది' అన్నాడు, మజ్జిగ పోస్తుందన్నట్టు.

గ్లాసు నేనే అతని చేతికిచ్చాను. కొంచెం నోట్లో పోసుకుని, కళ్ళు పైకప్పుకి పెట్టి, ఎక్కడో దూరంగా ఎవరో పిలుస్తుంటే వింటున్నవాడిలా కూర్చున్నాడు. 'పొద్దుపొద్దున దించిన ఈతకల్లు లెక్క పల్చగున్నది. నిమ్మతొక్క వాసన. జర ఉప్పుగాలి. ఆఖర్ల చేదు.' అప్పుడు ఒక ముద్ద పులుసన్నం తిని మళ్ళీ ఒక గుక్క తాగాడు. వెంటనే తల అడ్డంగా ఊపాడు. 'వద్దన్నా. నోరు మండుతున్నది. కల్లుతోని పులుసు ఎవలు తింటరు? గుడాలు తింటరు. లేకుంటే కాల్చిన శాప, ఉప్పు, నిమ్మకాయ. గంతే. పులుసు ఇజ్జతు పులుసుది, దీని ఇజ్జతు దీనిది.'

గుడాలంటే అలసందలు ఉడకబెట్టి ఉప్పూ ఉల్లిపాయా వేసి తాలింపు పెట్టిన గుగ్గిళ్ళు. ఇదంతా నాకొచ్చిన ఇంగ్లీషులో ఎంజోకి చెప్పాను. ఎంజో బల్ల మీద గుద్ది నవ్వి ఏమన్నాడో తెలుసా? 'మా సార్దీనియాలో చేపలు పట్టేవాళ్ళు కూడా దీనితో చిన్న చేపలు వేయించుకుని నిమ్మకాయ పిండుకుని తింటారు. ఇంకేమీ తినరు' అన్నాడు!

మరి ఆ ముక్క మొదటే చెప్పి ఉండొచ్చు కదా! నెలరోజులుగా పది దేశాల వాళ్ళం మా అమ్మల వంటలన్నీ తెచ్చి ఆయన ముందు వరసలో నిలబెట్టాం. ఫిలిప్పీన్స్ ఆవిడ ఏడ్చింది కూడా. ఏమయ్యా అంటే, యాజమాన్యం కొత్తది కావాలందట. కొత్తది కావాలంటే సీసా మార్చుకోండి. మా పులుసుల జోలికొస్తారెందుకు?

పరశురాం సగం గ్లాసు అలాగే వదిలేసి, 'ఇంకింత బువ్వ ఉన్నదా అన్నా' అని అడిగాడు. మిగిలింది సింకులో పోసి, గ్లాసూ కంచమూ తనే కడిగి బోర్లించాడు. ఎంజో ఆ సింకు వైపు చూసిన చూపు నాకు చాలా తృప్తినిచ్చింది.

కొలను పని ఇంకా అవలేదు, అందుకని ఆ తర్వాత ఆదివారాలు కూడా మెస్సుకి వస్తున్నాడు. నా కబుర్లు మధ్యలో ఆపకుండా వినే మనిషి ఈ దేశంలో ఇతనొక్కడే. భార్య పోయి చాలా ఏళ్ళయిందట, పిల్లల్లేరు. ఇలాంటి మనిషికి ఎవరైనా ఒక మంచి సంబంధం చూస్తే బాగుండు. మంచివాళ్ళనే దేవుడు ఇలా క్యాంపుల్లో వదిలేస్తాడు.

·

మనామా,
జనవరి.

అన్నయ్యకి నమస్కారం.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చివరి పేరా ఇంకా ఎక్కువసార్లు.

నువ్వు చూడమన్న సంబంధం చూశాను. నేనే.

టైల్స్ వేసిన పదిరోజులూ ఆయనకి టీ ఇచ్చాను. పదకొండో రోజు పనైపోయింది. ఆయన రాలేదు, నేను మాత్రం రెండు టీలు పెట్టాను. ఆ తర్వాత శుక్రవారాలు మనామా గుడి దగ్గర కలిశాం. ఆయనే అడిగాడు. ఆలోచించుకోవడానికి నాలుగు నెలలు తీసుకున్నాను. ఆ నాలుగు నెలల్లో మళ్ళీ అడగలేదు, అడగడం మానేయనూ లేదు. నీకు చెప్తే ముందు కులం అడుగుతావు, తర్వాత ఊరు అడుగుతావు, మనిషిని చూడవు. అందుకే ముందు మనిషిని పంపాను. చూశావు. మంచివాడన్నావు.

మార్చిలో నాకు సెలవు. మామాకి చెప్పాను, సంతోషించింది, మళ్ళీ పనిలోకి వచ్చేస్తావా అని మాత్రం మూడుసార్లు అడిగింది. అన్నవరం కొండ మీద చేసుకుంటాం. నిన్ను అడగడం లేదన్నయ్యా, చెప్తున్నాను. కానీ నాన్న లేడు, నా తరపున నిలబడాల్సింది నువ్వొక్కడివే. వచ్చి నిలబడు. నాకు నీ దగ్గర్నుంచి కావలసింది అదొక్కటే.

·

జల్లాఖ్,
జనవరి.

సత్యకుమారికి,

నీ ఉత్తరం చేతికిస్తూ ముత్తన్న, 'కంగ్రాట్స్ లోవన్నా' అన్నాడు. అంటే నా చెల్లెలి పెళ్ళి సంగతి నాకంటే ముందు కూరగాయల వ్యానుకి తెలుసు. బంగాళాదుంపలకీ తెలుసు. నాకే తెలియదు.

నా ఇంటికి మనిషిని పంపి, నా పులుసు తినిపించి, నా నోటితోనే మెచ్చుకోలు పలికించి, ఆ ఉత్తరం తీసుకొచ్చి నా మొహాన చూపిస్తావా? నేను మెచ్చుకున్నది నాలుకని. మొగుణ్ణి కాదు! పులుసు రుచి తెలిసిన ప్రతివాడూ బావమరిది అయితే నాకు ఈ దేశంలో నలభైమంది బావమరుదులుండాలి. మొన్నొచ్చిన ఆ పాకిస్తానీ డ్రైవరు కూడా బాగుందన్నాడు, అతన్ని కూడా చేసుకుంటావా?

తాగుతాడు సత్యా! నా కళ్ళముందు తాగాడు. దాచుకోను కూడా దాచుకోలేదు. వాళ్ళమ్మ పోస్తుందట, ఈయన తాగుతాడట. పండగకి దీపం పెట్టే ఇల్లా అది, కుండ పెట్టే ఇల్లా? ఒకడు తాగి నీ జీవితం ఏం చేశాడో మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు. వాణ్ణి కల్లుపాక నుంచి మోసుకొచ్చింది నేను. నీ గాజులు తీసినరోజు నీ పక్కన కూర్చుంది నేను. నువ్వు మాత్రం ఇంకో గ్లాసు పట్టుకున్నవాణ్ణి వెతుక్కున్నావు.

ఆ ఎంజో విందు నిన్ననే అయింది. ఇక్కడి సాఫీ చేపల్ని పసుపూ ఉప్పూ రాసి పెళుసుగా వేయించి, నిమ్మబద్ద పెట్టి, ఒక పక్క గుగ్గిళ్ళు పోసి ఇచ్చారు. గొర్రెపాల చీజు కూడా పెట్టారు. అదీ ఈ వైనుకి నప్పుతుందట, దాని ఉప్పదనానికి. వచ్చినవాళ్ళు గుగ్గిళ్ళ ఫోటోలు తీసుకున్నారు. గుగ్గిళ్ళ ఫోటోలు! మన తిరణాళ్ళలో పొట్లం కట్టి ఇస్తే పొట్లం పారేసి తినేవాళ్ళం. ఇదంతా ఎందుకు రాస్తున్నాను? కోపంలో ఉన్నాను కనక. కోపం వస్తే నా చెయ్యి ఆగదు, నీకు తెలుసు.

చేప సీసాకి నప్పకపోతే ప్లేటు తీసేస్తారు, ఇంకోటి తెస్తారు. మనిషి నప్పకపోతే ఏం తీస్తావు, ఏం తెస్తావు? ఒకసారి చూశావు కదా.

ఆ మనిషి ఈ ఆదివారం కూడా మెస్సుకి వచ్చాడు. నేను స్టోరు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. బయట నిలబడి, 'అన్నా, కోపమొచ్చిందా?' అన్నాడు. నేను లోపల గడియ కూడా పెట్టుకున్నాను. 'సరే అన్నా, మల్లొస్త' అని వెళ్ళిపోయాడు. అలా వెళ్ళిపోతే నాకింకా ఒళ్ళు మండింది. పోట్లాడ్డం కూడా చేతకాదు.

నేను రాను. నిలబడను.

·

మనామా,
ఫిబ్రవరి.

అన్నయ్యా,

ఆయన చేతికి గ్లాసు ఇచ్చిందెవరు? 'గ్లాసు నేనే అతని చేతికిచ్చాను' అని రాసింది నువ్వే. కావాలంటే ముత్తన్నతో పంపుతాను, చూసుకో.

నువ్వే ఇంకొకటి కూడా రాశావు. సగం గ్లాసు వదిలేసి అన్నం అడిగాడని. మిగిలింది సింకులో పోశాడని. ఆ వాక్యం దగ్గర నేను కాగితం మూసి వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. అన్నయ్యా, అబ్బులు గ్లాసు సగంలో కింద పెట్టడం నేను మా కాపురంలో ఎన్నడూ చూడలేదు. ఒలికిన చుక్క వేలితో తీసి నాకేవాడు. గ్లాసు తాగేవాడెవడో, గ్లాసు ఎవర్ని తాగుతుందో చూసి చెప్పడానికి నాకు ఏ సీసా చీటీ అక్కర్లేదు. నువ్వు అబ్బుల్ని పాక నుంచి ఇంటిదాకా మోశావు. ఇంటి తర్వాత నేను మోశాను.

నప్పడం నప్పడం అంటున్నావు. అబ్బులు ఏం నప్పలేదు? మన ఊరివాడే, మన కులమే, మన మాటే. నీ పులుసుని ఎంత మెచ్చుకునేవాడు! గిన్నె నాకేవాడు. నాన్నా, పెద్దనాన్నా కూర్చుని, అన్నీ నప్పాయని తేల్చి చేసిన పెళ్ళి అది. ఇప్పుడు నేను చేపనీ కాదు, ఆయన సీసా కాదు. మా ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి రుచి చూడమని ఎవర్నీ అడగలేదు.

ఆయన మాట నాకు సగం అర్థం కాదు. 'అలా' అనడానికి ఏమంటాడో మొదట్లో రాసుకోవాల్సొచ్చింది. నేను అలిగితే, 'గట్లెందుకున్నవే' అంటాడు, అక్కడే నాకు నవ్వొచ్చి అలక పోతుంది. నా నలభై నాలుగేళ్ళలో నన్ను ఎవరూ 'తిన్నావా' అని అడిగి, జవాబు కోసం ఆగలేదు. ఈయన ఆగుతాడు.

స్టోరు గదిలో దాక్కున్నావట. చెప్పాడు. నవ్వుతూ చెప్పలేదు, బాధపడుతూ చెప్పాడు.

నువ్వు రాకపోతే రాకు. పూజారి అమ్మాయి తరపున ఎవరని అడిగితే ముత్తన్నని చూపిస్తాను. అతనికీ మార్చిలోనే సెలవట. అక్కా అని పిలిచేవాళ్ళు నాకు తక్కువ కాలేదు.

·

జల్లాఖ్,
ఫిబ్రవరి.

సత్యకి,

ముత్తన్న ఎవడు?

నేను అడుగుతున్నాను, ముత్తన్న ఎవడు? నువ్వు పుట్టినప్పుడు చేటలో నిన్ను చూసింది ముత్తన్నా? నిన్ను భుజాన ఎక్కించుకుని తలుపులమ్మ తిరణాలకి తీసుకెళ్ళింది ముత్తన్నా? అతను వంకాయలు తోలుకునేవాడు. అదైనా సరిగ్గా తోలడు, సగం నలిగిపోయి వస్తాయి. ఇవాళ పొద్దున వ్యాను దగ్గరే అడిగేశాను.

'ఏమయ్యా, నా చెల్లెలికి అన్నవవుతావా నువ్వు?'

'నేనేమన్ననా లోవన్నా? అక్కనే అడిగింది. నిలబడితే ఏం పోతది, రెండు నిమిషాల పని!' అన్నాడు.

రెండు నిమిషాల పనట! ఆ మాటతో నాకు అన్నం సహించలేదు.

నేను సెలవు అడిగాను. అవును, అడిగాను. దాన్ని ఒప్పుకోవడం అనుకోకు. ముత్తన్న నిలబడకుండా చూడడానికి అడిగాను. ఇవ్వనన్నారు. మార్చిలో ఇక్కడ కార్ల పందేల రోజులు, రిసార్టు నిండిపోతుంది, మెస్సుకి ఇంకో వంటవాడు లేడు. మేనేజరుతో వాదించాను. నీ చెల్లెలికి ఇది రెండో పెళ్ళి కదా అన్నాడు. అందుకే రావాలి అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆ మేనేజరు మీద కోపంలో వచ్చేసింది, దాన్నుంచి నువ్వు ఏమీ అర్థం చేసుకోవద్దు.

ముత్తన్నతో ఒక చీర పంపుతున్నాను. మనామా సూక్ బజార్లో సింధీ కొట్లో తీసుకున్నాను. పసుపు రంగు నీకు బాగుంటుందని కాదు, ఉన్నవాటిలో అదొక్కటే కంటికి ఆనింది. పుట్టింటి చీర లేకుండా పీటల మీద కూర్చోవడం మన ఇంట లేదు కనక పంపుతున్నాను. ఇది ఒప్పుకోవడం కాదు. చీర చీరే.

·

తుని,
మార్చి.

అన్నయ్యకి సత్యకుమారి నమస్కారాలు.

పెళ్ళయింది. నీ చీర కట్టుకున్నాను. ఈ ఉత్తరం పోస్టులో వేస్తున్నాను, నేను వచ్చేసరికి చేరుతుందో లేదో తెలియదు.

వాళ్ళమ్మ రాములవ్వ వచ్చింది. కొండ మెట్లు ఎక్కనంటే ఎక్కనని, ఆటోలో రమ్మన్నా రానని, చివరికి ఒక్కో మెట్టూ ఎక్కి అందరికంటే ముందు పైన కూర్చుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, 'బిడ్డా, మావోడు మాట్లాడుడు తక్కువ, తినుడెక్కువ' అంది. చూశాక నీకు నచ్చే మనిషి, నీకంటే ఎక్కువ మాట్లాడుతుంది.

ముత్తన్న నిలబడలేదు. తీరా సమయానికి, 'నేను కానక్కా, లోవన్న ఉన్నడు గదా' అని వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. పూజారి 'అమ్మాయి తరపున ఎవరమ్మా' అని అడిగాడు. 'మా అన్నయ్య' అన్నాను. 'ఎక్కడున్నారు?' అన్నాడు. 'బహ్రెయిన్‌లో' అన్నాను. ఆయన నువ్వు కూర్చోవలసిన పీట ఖాళీగా ఉంచేసి మంత్రాలు చదివాడు. తమలపాకులూ కొబ్బరికాయా ఆ పీట ముందే పెట్టారు.

ఏప్రిల్ మొదట్లో వస్తున్నాం. నేను మామా ఇంటికే, ఆయన మామీర్ క్యాంపుకే. వేరే గది చూసుకునేదాకా అంతే. వచ్చాక శుక్రవారం నీ దగ్గరికి వస్తానంటున్నాడు. నేను వద్దన్నాను. మళ్ళీ తలుపు వేసుకుంటావేమోనని. వెళ్తానంటున్నాడు.

·

జల్లాఖ్,
ఏప్రిల్.

చెల్లి సత్యకుమారికి అన్నయ్య లోవరాజు దీవెనలు.

ఎంజో మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి గులాబీ రంగు వైను. ఎండాకాలానికట. మళ్ళీ అందర్నీ పిలిచి, దీని పక్కన ఏం బాగుంటుంది అంటున్నాడు. నేను చేతులు జోడించి, 'సార్, మా ఇంట్లో ఉన్నవన్నీ అయిపోయాయి' అన్నాను. నవ్వాడు. ఈయనతో వచ్చిన తంటా ఏమిటంటే, కోపం తెచ్చుకుందామంటే నవ్వుతాడు. అంతకుముందు ఒక ఫ్రెంచి చెఫ్ ఉండేవాడు, ఆయన మీద కోపం తెచ్చుకోవడం ఎంత సుఖంగా ఉండేదో. తొమ్మిదేళ్ళ క్రితం మాట. ఉల్లిపాయలు తరిగిన తీరు బాలేదని నా చేతిలో కత్తి లాక్కున్నాడు ఒకసారి. అది వేరే కథ, ఎప్పుడైనా చెప్తాను.

నీ ఉత్తరం నువ్వు వచ్చిన తర్వాతే చేరింది. మన పోస్టు మీద ఫిర్యాదు రాద్దామనుకుని, ఎవరికి రాయాలో తెలియక మానేశాను. పీట ఖాళీగా ఉంచాడట! నిలబడేవాడు లేనప్పుడు పీట తీసెయ్యాలి గానీ ఖాళీగా ఉంచుతారా? అందరూ ఆ పీటనే చూసి ఉంటారు. ఏ పూజారో కనుక్కో, నేను వచ్చినప్పుడు మాట్లాడతాను.

రాములవ్వ మెట్లెక్కిన సంగతి బాగుంది.

శుక్రవారం మధ్యాహ్నం గేటు దగ్గర్నుంచి గార్డు ఫోన్ చేశాడు. నేపాలీ మనిషి, కొత్తగా చేరాడు. ఎవరో వచ్చాడు, డ్యూటీ మీద కాదట, నీ పేరు చెప్తున్నాడు అన్నాడు. వెళ్ళాను. మీ ఆయన గేటు గొలుసుకి అవతల ఎండలో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నన్ను చూసి కాలరు సర్దుకున్నాడు. బయటివాళ్ళని లోపలికి వదలాలంటే ఏమవుతాడో చెప్పాలి అన్నాడు గార్డు. చెల్లెలి భర్త అన్నాను. గార్డు గొలుసు తీశాడు.